రేడియేటరులో ఆయుధపూజ

ఏప్రిల్ 12, శనివారం

వనజాక్షీ, నిన్న నువ్వు రాసినదాంట్లో ఒక తప్పుంది. "జీపు వేడెక్కి ఆగిపోయింది" అని రాశావు. ఆగిపోలేదు. సూది ఎర్రగీత దాటేసరికి నువ్వే ఆపావు. ముప్ఫై నాలుగేళ్ళు తిరుత్తణి ఆడపిల్లలకు సైన్సు చెప్పినదానివి, చూసినదేదో అనుకున్నదేదో తేడా తెలియకపోతే ఎట్లా? నా డైరీ నేనే దిద్దుకోవాలి కనుక ఎర్ర సిరాతో కొట్టేశాను. అర మార్కు తగ్గించాను.

సరిగ్గా రాస్తే ఇదీ సంగతి. నాలుగు బస్తాల మామిడికాయలు వేసుకుని కే.జీ.కండిగై సంతకు పోతున్నాను. ఊరు దాటి మూడో కిలోమీటరు, మిట్ట ఎక్కుతుండగా సూది లేచింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి. ఇడ్లీపాత్ర ఆవిరి లాంటిది కాదు, బుసకొట్టే ఆవిరి. జీపును చింతచెట్టు నీడకు తోసి, కాయల్ని ఆటోలోకి మార్పించి, సంతకు పోయాను.

టీ కొట్టు ముందు వరదన్ కనిపించాడు. ఇరవై ఏళ్ళుగా ఈ జీపును చూసే మెకానిక్కు. పోయిన నెల బ్రేకుల పనికని జీపు ఒక రోజంతా వాడి షెడ్డులో ఉంది. వేడి అప్పటి నుంచే. మా జీపుది పాతకాలపు రాగి రేడియేటరు. రాగి ఎవరికి చేదు? పదిమందీ వినేటట్టే అడిగాను.

"వరదా, మా రేడియేటరు యాడ అమ్ముకున్నావు? దాని చోట మాకు పెట్టిన తుక్కు యాడిది?"

వాడు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "టీచరమ్మా" అన్నాడు. టీ సగంలో వదిలేసి షెడ్డు వైపు పోయాడు.

"దొంగకు నోరుండదు" అని నిన్న రాశాను. అది కొట్టేయలేదు.

ఈ పుస్తకానికి తాళం అక్కర్లేదు. ఇంట్లో ఉన్నది ముగ్గురం. మనవరాలు అభినయకు తమిళం, ఇంగ్లీషు వచ్చు. తెలుగు అక్షరాలు దానికి జిలేబీలు. మా ఆయన కళ్ళజోడు ఎక్కడుందో ఎప్పుడూ నాకు మాత్రమే తెలుసు.

ఏప్రిల్ 13, ఆదివారం

అభినయకు సెలవు. ఆటోమొబైల్ డిప్లొమా చేసింది. రోజూ తిరుత్తణిలో ఎలక్ట్రిక్ రైలెక్కి తిరువళ్ళూరులో ఒక వర్క్‌షాపుకు పోతుంది. అక్కడ మగవాళ్ళు పదకొండు మంది, ఇది ఒక్కతే. బ్యాంకు పరీక్ష రాయమని మూడేళ్ళు పోరాను. బ్యాంకులో అయితే గోళ్ళ కింద నల్లనూనె ఉండదే అని చెప్పి చూశాను. "ఉండదు అవ్వా, అందుకే నాకు తోచదు" అంది.

పొద్దున్నే జీపు ముందు నిలబెట్టి నన్ను విచారించింది.

"ఎప్పుడు వేడెక్కతాది?"

"వేడెక్కినప్పుడు వేడెక్కతాది."

"అవ్వా! నీ క్లాసులో ఎవురైనా ఇట్లా చెప్పింటే ఏం చేసుంటావు?"

బెంచీ ఎక్కించి ఉండేదాన్ని. అందుకని ఆలోచించి చెప్పాను. రైల్వే గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడినా సూది కదలదు. బరువు వేసినప్పుడు, మిట్ట ఎక్కినప్పుడు, వేగం పెంచినప్పుడు లేస్తుంది.

"అయితే ఫ్యాను మంచిదే. నిలబడినప్పుడు గాలి ఇచ్చేది అదే కదా. బెల్టు కూడా బిగువుగా ఉంది, చూసినాను. పని ఎక్కువైనప్పుడు పుట్టే వేడి బయటికి పోయేదానికి దారి చాలట్లేదు. దారి యాడ మూసుకుందో చూడాల."

ఒక్క ప్రశ్న. సగం బండిని నిర్దోషి అని వదిలేసింది. మా స్కూలుకు తనిఖీకి వచ్చిన అధికారులు రెండు రోజులు కూర్చుని కూడా అంత తేల్చేవాళ్ళు కాదు.

తర్వాత మూత. చల్లగా ఉన్నప్పుడే తీయాలని ముందే హెచ్చరించింది. వేడి మీద తీస్తే ముఖం మిగలదట. మూత తిప్పి చూపించింది. కింద స్ప్రింగు, రబ్బరు వాషరు. ఆ స్ప్రింగు లోపలి నీళ్ళను అదిమి పట్టి ఉంచుతుంది. అందువల్ల నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగవు. ఒత్తిడి పెరిగితే మరుగుస్థానం పెరుగుతుంది: తొమ్మిదో తరగతి, ప్రెషర్ కుక్కరు ఉదాహరణ. ముప్ఫై నాలుగు సంవత్సరాలు చెప్పాను. ఆ పాఠం ఇన్నేళ్ళూ నా మోకాళ్ళకు బారెడు దూరంలో, బానెట్టు కింద, నేను గేరు మార్చినప్పుడల్లా నడుస్తూ ఉందని ఒక్క రోజూ తట్టలేదు. మూతను చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. జామపండంత ఉంది.

"అవ్వా, ఇచ్చేయ్. మళ్ళా పెట్టాల" అంది.

మూత తీసే ఉంచి ఇంజను స్టార్టు చేసింది. నీళ్ళలో బుడగలు వస్తే ఇంజను లోపల పగిలిందని అర్థమట. పగిలితే ఈ వయసు జీపును ఇనుము కింద అమ్ముకోవాల్సిందే. ముగ్గురం వంగి చూశాం. మా ఆయన కోదండరామ ఊపిరి కూడా బిగబట్టారు. ఆత్తిపట్టు థర్మల్ స్టేషన్‌లో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి, ఇంతకంటే పెద్ద మరుగులు చూసినవారే.

బుడగలు రాలేదు.

"దేవుడున్నాడు" అన్నారు ఆయన. "మేము ఆడ నీళ్ళు చల్లార్చేదానికి కొండంత టవరు కట్టినాము. ఇది అరచేయి మందంలో అదే పని చేస్తాది. చూడు వనజా, ఎంత మర్యాదగా చేస్తాదో."

అభినయ మాత్రం ఇంకా నీళ్ళలోకే చూస్తోంది. "ఈ నీళ్ళకు ఈ రంగేంది?"

"తుప్పు" అన్నాను.

అది తల ఎత్తకముందే అన్నాను.

ఏప్రిల్ 14, సోమవారం

తమిళ సంవత్సరాది. ఉగాది అయి పదిహేను రోజులు. ఈ సరిహద్దులో పుట్టినందుకు మాకు ఏటా రెండు కొత్త సంవత్సరాలు, రెండుసార్లు వేపపువ్వు. చేదు విషయంలో ఎవరికీ బాకీ లేము.

పాయసం దించిన పొయ్యి మీద అభినయ నీళ్ళగిన్నె పెట్టింది. జీపులోంచి విప్పిన ఒక ఇత్తడి బిళ్ళను దారం కట్టి నీళ్ళలో వేలాడదీసింది. థర్మోస్టాటు. పాతకాలపు తాళం కప్పంత ఉంది. దాని అంచు మీద చిన్న అంకెలు: 82.

"ఇంజను సల్లగా ఉన్నంతసేపూ ఇది మూసుకోని ఉంటాది అవ్వా. నీళ్ళను రేడియేటరుకు పోనీదు. ఇంజను కాగినాక తెరుచుకుంటాది. ఇది మూసుకోని ఇరుక్కుపోయింటే అదే జబ్బు. చానామంది మన ఎండలకు ఇదెందుకని తీసి పారేస్తారు. అది ఇంకో జబ్బు."

"ఎవరు తెరుస్తారు? వైరు లేదు, కరెంటు లేదు."

"లోపల మైనం ఉంది."

నా థర్మామీటరు తెచ్చాను. రిటైరైన రోజు కప్పిన శాలువ ఏమైందో తెలియదు. ల్యాబులోది ఈ థర్మామీటరు మాత్రం నాతో వచ్చింది. ఎట్లా వచ్చిందో ఈ పుస్తకంలో కూడా రాయను.

అరవై. డెబ్భై. బిళ్ళ కదల్లేదు. డెబ్భై ఎనిమిది. మా ఆయన పాయసం గిన్నెతో వచ్చి నిలబడ్డారు. ఎనభై. ఎనభై ఒకటి. అభినయ మంట తగ్గించింది. ఎనభై రెండున్నర దగ్గర ఇత్తడి రేకు వెంట్రుకవాసి లేచింది. నేను "ఆ!" అన్నానట. తర్వాత నెమ్మదిగా, నిద్ర లేచిన పసిబిడ్డ కన్ను తెరిచినట్టు తెరుచుకుంది. పొయ్యి ఆపగానే మళ్ళీ మూసుకుంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కింద, ఈ జీపు తయారైనప్పుడు, ఎవరో ఒక మైనపు ముద్దను ఇత్తడిలో పెట్టి మూసి, ఎనభై రెండు అని చెప్పి పంపారు. మా పెళ్ళిళ్ళకు, చావులకు, సంతలకు, ఆసుపత్రులకు పోయిన ప్రతిసారీ ఎవరూ చూడకుండా అది తెరుచుకుంది, మూసుకుంది. మాట తప్పలేదు. మళ్ళీ మూడుసార్లు కాచి చూశాను. మూడుసార్లూ ఎనభై రెండే, కొంచెం అటూ ఇటూ. నాలుగోసారి అభినయ గ్యాసు కట్టేసింది.

"దీంట్లో తప్పు లేదు అవ్వా. నువ్వు దాన్ని హింస పెట్టొద్దు."

ఏప్రిల్ 15, మంగళవారం

మా ఆయన పేపరుకని పోయి వచ్చి చెప్పారు. వరదన్ షెడ్డు ముందు ఒక్క బండీ లేదట. మంచిదే.

ఏప్రిల్ 16, బుధవారం

నిన్న "మంచిదే" అని రాశాను. కొట్టేయలేదు. ఈ రోజు రాసేందుకు వేరే ఏమీ లేదు.

ఏప్రిల్ 17, గురువారం

పాల సొసైటీ సుందరరాజ్ వచ్చాడు. కాఫీ తాగినంతసేపూ సంతోషంగా మాట్లాడాడు.

"టీచరమ్మా, మీరు చెప్పినాక నా ట్రాక్టరు ఆడినుంచి తెచ్చేసినాను. మా బావ కూడా తన వ్యాను తెచ్చేసినాడు. మీరు ఒక మాట అన్నారంటే దాంట్లో నిజం లేకుండా పోతాదా? నా కూతురికి మార్కులు తక్కువేసినప్పుడు కూడా మీరు చెప్పిందే నిజం!"

"వరదన్ ఏమంటాడు?"

"ఏమంటాడు? నోరే తెరవలేదు. నెలాఖరుకు షెడ్డు ఖాళీ చేసి శ్రీపెరంబుదూరులో యాడో పనికి పోతాడంట. అరవై దాటినాక ఇంకొకరి కింద పని. పోనీలే, దొంగ పీడ పోయింది."

నేను సొసైటీ పాలు ఈ మధ్య నీళ్ళగా ఉన్నాయని అన్నాను. వెంటనే లేచిపోయాడు. పాలు బాగానే ఉన్నాయి.

ఏప్రిల్ 18, శుక్రవారం

గుడ్ ఫ్రైడే. అభినయకు సెలవు. సంత రోజు కూడా. తలనొప్పి వల్ల సంతకు పోలేదు.

(తలనొప్పి లేదు.)

ఇంజను పావుగంట నడిపించి, మేము చూస్తుండగా ఆపేసింది. ఫ్యాను పూర్తిగా ఆగేదాకా కాచుకుని నన్ను పిలిచింది.

"చేయి పెట్టు అవ్వా. రేడియేటరు ముందర. మెల్లగా తడుముతా పో."

పెట్టాను. పైన కాలుతోంది, చేయి వెనక్కి తీసుకున్నాను. కొంచెం కిందికి వెచ్చగా ఉంది. అక్కడి నుంచి ఎడమకు జరిపేసరికి చల్లగా తగిలింది. భ్రమ అనుకున్నాను. మళ్ళీ జరిపాను. వెచ్చన, చల్లన, వెచ్చన, మళ్ళీ పెద్ద చల్లని మచ్చ, నా అరచేయంత. జ్వరం వచ్చిన బిడ్డ ఒళ్ళంతా కాలుతూ పాదాలు మాత్రం మంచులా ఉన్నట్టు.

"లోపల సన్నని గొట్టాలు ఉండాయి. నీళ్ళు వాటిలో దిగతా దిగతా గాలికి వేడి వదిలేసి పోతాయి. గొట్టం మూసుకుంటే నీళ్ళు రావు, నీళ్ళు రాకుంటే వేడి రాదు. సల్లగా ఉండే చోటే జబ్బు."

జీపు ఎందుకు వేడెక్కుతున్నదని వెతుకుతూ అది చల్లదనాన్ని పట్టుకుంది. యంత్రం లేదు, మీటరు లేదు, చేయి ఒక్కటే. ఆ గోళ్ళ కింది నల్లనూనెను నేను అసహ్యించుకున్నాను. మూడేళ్ళు.

మధ్యాహ్నం రేడియేటరు విప్పి కిందికి దించాం. మా ఆయన కూడా పట్టారు. పక్కపట్టీ కింద మురికి తుడుస్తూ ఆయన ఆగారు.

"వనజా, ఇట్లా రా."

ఇత్తడి తొట్టి మీద సుత్తితో కొట్టిన గుర్తులు. కె.ఆర్., కోదండరామ పేరులోని అక్షరాలు. జీపు కొన్న వారంలో ఆయనే కొట్టారు. థర్మల్ స్టేషన్ అలవాటు అది. మా ఇంట్లో గరిటెల మీదా ఉంటుంది కె.ఆర్., నా ట్రంకు పెట్టె మీదా ఉంటుంది.

మా రేడియేటరే. ఎవరూ మార్చలేదు.

"సరే, మార్చలేదు. కాని ఏదో చేసుంటాడు" అన్నాను.

తాతా మనవరాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకే ముక్కు. ఆ ముక్కులు నాకు నచ్చలేదు.

ఏప్రిల్ 19, శనివారం

అభినయ పనినుంచి వచ్చాక, వెలుతురు ఉండగానే, రేడియేటరును తలకిందులు చేసి కింది మూతి నుంచి నీళ్ళు పట్టింది. మొదట ఏమీ రాలేదు. తర్వాత గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం. ఆపైన ముద్దలు ముద్దలుగా పడింది. పసుపూ గోధుమా కలిసిన రంగు.

అది ఒక ముద్దను వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది.

"ఇది తుప్పు కాదు అవ్వా. సాంబారు వాసన వస్తాంది."

మా ఆయన నా వైపు చూశారు. వెంటనే చెప్పనిది ఇక్కడ చెప్తాను.

ఇరవై ఏళ్ళ కింద అరక్కోణం దారిలో ఈ రేడియేటరు కారింది. ఒక లారీ డ్రైవరు దిగి, తన వంట డబ్బాలోంచి చారెడు పసుపు తీసి లోపల పోశాడు. ఐదు నిమిషాల్లో కారడం ఆగింది. నేను నోరెళ్ళబెట్టాను. పసుపు నీళ్ళలో ఉబ్బి సందును మూసిందని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. ఆ ఏడు ఆయుధపూజ నాడు జీపుకు గంధం, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి ఇచ్చాక, కలశం నీళ్ళలో చారెడు పసుపు కలిపి రేడియేటరులో పోశాను. సైన్సుకు సైన్సు, పుణ్యానికి పుణ్యం. జీపు బాగా నడిచింది. మరుసటి ఏడు కూడా పోశాను. ఆపైన అది మా ఇంటి ఆచారం అయింది. పోయిన ఏడు కొంచెం చెమ్మ కనిపించిందని రెండు చారెళ్ళు పోశాను.

ఒక్కసారి చేసిన ప్రయోగంతో సూత్రం రాయకూడదని నేను ఎంతమంది చెవులు మెలిపెట్టానో.

అభినయకు చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పడిన ముద్దలను చేటలోకి ఎత్తి చూసింది.

"ఇరవై ఏళ్ళు పోసినావు కదా?"

"పోశాను."

"ఇరవై ఏళ్ళ పసుపు ఉండుంటే ఈ జీపు ఎప్పుడో పోయుండాల. ఇది రెండు చారెళ్ళదే అవ్వా. ఒక్క ఏటిది. మిగిలింది యాడికి పొయ్యింది?"

నేనూ చేటలోకి వంగాను.

"ఎవురో కడిగినారు" అంది. "ఏటేటా. పోయిన ఏడు తప్ప."

ఏప్రిల్ 20, ఆదివారం, తెల్లవారుజామున

పోయిన ఏడు పూజ నెలలో వరదన్ కంటికి ఆపరేషను చేయించుకుని మద్రాసు ఆసుపత్రిలో ఉన్నాడు. షెడ్డు నెలన్నర మూసి ఉంది.

మిగతా ఏళ్ళన్నిటిలో ఆయుధపూజ అయిన వారం లోపల గేటు దగ్గర నిలబడేవాడు. "ఆయిలు చూడాల టీచరమ్మా, బండి ఒక పూట ఇయ్యండి." పండగ ఖర్చుకు పని వెతుక్కుంటున్నాడని నేను అనేదాన్ని. వాడికి వినపడేటట్టే అనేదాన్ని.

పోయిన నెల బ్రేకులు చేసి ఇచ్చేటప్పుడు కూడా చెప్పాడు. "రేడియేటరు తీసి కడగాల. రెండు రోజులు వదిలిపెట్టండి." నీ పని నువ్వు చూసుకో అన్నాను.

ఏప్రిల్ 20, మధ్యాహ్నం

పోయాను. అభినయ రేడియేటరును ఆటోలో పెట్టుకుని వచ్చింది. షెడ్డులో బండ్లు లేవు. పనిముట్లు గోనెసంచుల్లో సర్ది ఉన్నాయి. వరదన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. అట్లా చేసినందుకు ముందు నాకు కోపం వచ్చింది.

"వరదా, మా రేడియేటరు నువ్వు ఏటా కడిగినావా?"

అతను అభినయ చేతిలోని రేడియేటరును చూశాడు. "తీసినారా? మంచిది. యాడ మూసుకుందో చూసినారా పాపా?"

"నేను నిన్ను అడిగినాను."

"కడిగినాను టీచరమ్మా."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"మొదటి ఏడు చెప్పాలనే వచ్చినాను. మీరు బండికి హారతి ఇచ్చి కండ్లు మూసుకోని దండం పెడతా ఉండారు. ఆ నీళ్ళు తప్పు అని ఏ నోటితో చెప్పేది? కడిగేది ఒక పూట పని. సుమ్మా, ఊరికే కడిగేస్తే పోతాది అనుకున్నాను."

"ఇరవై ఏళ్ళా?"

"ఏటా ఒక పూటే కదమ్మా."

తన స్టూలు జరిపి ఇచ్చాడు. కూర్చుని అడిగాను. "సంతలో నేను ఆ మాట అన్నప్పుడైనా చెప్పుండొచ్చు కదా. అందరిముందరా దొంగ అన్నాను కదా."

అతను చేతిగుడ్డ మడత పెట్టాడు. విప్పి మళ్ళీ మడత పెట్టాడు.

"ఆడ ఉండినోళ్ళందరి బిడ్డలూ మీ దగ్గర చదివినోళ్ళు. నా కూతురు చందన కూడా. సైన్సు టీచరమ్మ రేడియేటర్లో పసుపు పోసింది అని ఆ పదిమందిలో నేను ఎట్లా చెప్పేది? నన్ను దొంగ అంటే ఇంకో ఊర్లో పని చేసుకోవచ్చు. మీరు ఇంకో ఊర్లో టీచరు కాలేరు కదా."

అభినయ రేడియేటరును కింద పెట్టి బయటికి పోయింది.

స్టూలు మీంచి లేచాను. ఊరికే ఉండలేక అడిగాను. "ఆ నీళ్ళు యాడ పోసేవాడివి?"

"పూజ నీళ్ళు కాళ్ళ కింద పడగూడదు కదా. వెనక పోసినాను."

చూపించాడు. షెడ్డు వెనక, టైర్ల గుట్ట పక్కన, ఆకు కనపడనన్ని కాయలతో నిమ్మచెట్టు. ఏటా ఆయుధపూజకు మా చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు ఇతనే తెచ్చి ఇచ్చేవాడు. చెట్టు ఎక్కడుందని నేను ఎప్పుడూ అడగలేదు. నేను పోసిన నీళ్ళు కాయలై మళ్ళీ నా గుమ్మం ముందుకు వచ్చేవి. ఇరవై ఏళ్ళు. నేను వాటిని చక్రాలతో తొక్కించాను.

ఏప్రిల్ 22, మంగళవారం

ముందు పేజీల్లో వరదన్‌ను "వాడు" అని రాసిన చోట్లన్నీ దిద్దాను. "దొంగకు నోరుండదు" కొట్టేశాను. "మంచిదే" కొట్టేశాను. ఎర్ర సిరా అయిపోవచ్చింది.

నిన్నా ఈ రోజూ షెడ్డులోనే కూర్చున్నాను. వరదన్ మంట పెట్టి టంకం కరిగించి పై తొట్టినీ కింది తొట్టినీ విడదీశాడు. కింద వరుసలు వరుసలుగా గొట్టాల నోళ్ళు, చీమ తల దూరేంత. సన్నని ఉక్కు బద్దను ఒక్కొక్కదాంట్లో దించి, లాగి, దించి, లాగి. ఆపరేషను అయిన కన్నుతో కాదు, రెండోదానితో చూస్తాడు. నిజానికి చూడడు. బద్ద తగిలిన తీరు వేళ్ళకు తెలుస్తుంది. అభినయకు ఒక వరుస అప్పగించాడు. "తొయ్యొద్దు పాపా. దారి అడుగు. అదే చెప్తాది." దాని వర్క్‌షాపులో పాత రేడియేటరు పారేసి కొత్తది పెడతారట. ఇది నేర్పేవాళ్ళు లేరట. ఈ వారమంతా రైలెక్కకుండా సెలవు పెట్టిందని నాకు తర్వాత తెలిసింది.

అయినాక వరదన్ దాన్ని ఎండకేసి ఎత్తి పట్టుకున్నాడు. "చూడండి టీచరమ్మా."

ఒక కన్ను మూసి చూశాను. ప్రతి గొట్టం చివరా వెలుగు. ఒక్కటీ తప్పకుండా, ఆ చివరినుంచి ఈ చివరికి, సూది మొనంత ఆకాశం. లెక్కపెట్టబోయి మానేశాను. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని ఎన్నిసార్లు బోర్డు మీద గీశానో. ఇట్లా చూడలేదు.

ఏప్రిల్ 23, బుధవారం

రేడియేటరు బిగించాక, వరదన్‌ను పక్కన, అభినయను వెనక కూర్చోబెట్టుకుని తిరుత్తణి కొండ రోడ్డు ఎక్కించాను. మధ్యాహ్నం పన్నెండు, తారు కరిగే ఎండ. రెండో గేరు. సూది సగం దాకా లేచి నిలబడింది. లోపల మైనం మాట నిలబెట్టుకుంటోంది. అతను కళ్ళు మూసుకుని ఇంజను వింటూ వచ్చాడు. పైకి చేరాక కళ్ళు తెరిచి "సరే" అన్నాడు. కొండ మీద మురుగనుకు దండం పెట్టాను. ఎక్కువసేపు పెట్టలేదు. దండం పెట్టవలసినవాళ్ళు జీపులోనే ఉన్నారు.

దిగేటప్పుడు అడిగాను. "శ్రీపెరంబుదూరు ఎప్పుడు పోతావు?"

"ముప్ఫైకి రమ్మన్నారు. ఈడ బండ్లు రాలేదు కదమ్మా, ఏం చేసేది?"

ఏప్రిల్ 24, గురువారం

రేపు సంత. వనజాక్షీ, మరిచిపోతావని రాసి పెడుతున్నాను.

తొమ్మిదికి పోవద్దు, జనం ఉండరు. పదిన్నరకు పో. జీపులోనే పో. టీ కొట్టు ముందే, ఆ మాట అన్న చోటే నిలబడు. సుందరరాజ్ వచ్చేదాకా మొదలుపెట్టొద్దు. వాడి నోరు నీకు పనికొచ్చేది ఈ ఒక్క రోజే. "వరదన్ దొంగ కాదు" అని చెప్పి ఊరుకోవద్దు, అది సగం జవాబు, సగం మార్కులే వస్తాయి. "నేను రేడియేటరులో ఇరవై ఏళ్ళు పసుపు పోశాను, ఇతను ఇరవై ఏళ్ళు కడిగాడు" అని మొత్తం చెప్పు. నవ్వుతారు. నీ దగ్గర చదివిన పిల్లల తల్లులు ఎక్కువ నవ్వుతారు. నవ్వు అయ్యేదాకా ఆగి, సుందరరాజ్‌ను ట్రాక్టరు ఎప్పుడు తెస్తావని అందరిముందరా అడుగు.

తర్వాత షెడ్డుకు పో. దారిలో కొనవలసినవి: రేడియేటరు నీళ్ళలో కలిపే కూలెంటు ఒక డబ్బా, బ్యాటరీకి పోసే నీళ్ళు ఐదు లీటర్లవి రెండు. బోరు నీళ్ళు ఇక వద్దు. ఎర్ర సిరా బుడ్డి ఒకటి. పసుపు కొనవద్దు, ఇంట్లో చాలా మిగిలింది.

గుడ్డ సంచి తీసుకుపో, పెద్దది. నిమ్మకాయలు ఇస్తాడు. వద్దనకు.